ఛాతీ ఎక్స్‌రే ఒక్కసారికే సరిగ్గా రావాలంటే

ఛాతీ ఎక్స్‌రేతో రోగికి తగిలే రేడియేషన్ స్వల్పమే, సుమారు 0.02 మిల్లీసీవర్ట్. చుట్టూ ఉన్న నేల, గాలి, ఆకాశం నుంచి మూడు రోజుల్లో అందేదీ దాదాపు అంతే. కానీ సరిగా రాలేదని మళ్లీ తీస్తే అది రెట్టింపు. చాలా తప్పులు బటన్ నొక్కకముందే జరిగిపోతాయి.

గొలుసులు, తాయెత్తులు, పిన్నీసులు, జాకెట్ హుక్కులు ఏవీ ఉండకుండా గౌను వేయించండి. పుస్తెలు తీయనంటే గొడవ వద్దు, వాటిని గడ్డం కంటే పైకి ఎత్తి ఉంచమంటే చాలు. జడను మాత్రం నడినెత్తిన ముడి వేయించాల్సిందే. తడి జడ వీపున వేలాడితే ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలా పడి టీబీ అనుమానం రేపుతుంది. గర్భం ఉందేమో పక్కకు పిలిచి అడగండి, అందరి ముందూ అడిగితే నిజం చెప్పరు.

కిరణాలు వెలువడే ట్యూబుకూ, చిత్రం పడే పలక అయిన క్యాసెట్‌కూ మధ్య 180 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఛాతీ క్యాసెట్‌కు ఆనించి, గడ్డం ఎత్తి, చేతులు నడుముపై పెట్టించి మోచేతులు ముందుకు తోయించండి. లేదంటే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. కిరణాలు వీపు వైపు నుంచి పంపేది గుండె కోసం. అది ముందు భాగాన ఉంటుంది కాబట్టి క్యాసెట్‌కు దగ్గరై నీడ పెద్దది కాదు. మంచం మీద ముందు నుంచి తీస్తే గుండె పెద్దదిగా కనిపిస్తుంది. అప్పుడు 'ఏపీ' (కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్లాయని) అని గుర్తు పెట్టకపోతే డాక్టరు పొరబడతారు.

చెదిరిన కిరణాలను ఆపే సీసపు పట్టీల జల్లెడ, అంటే గ్రిడ్, వాడితే ట్యూబు వోల్టేజీ 110–125 కేవీపీ (కిలోవోల్టులు) పెట్టండి.

'ఊపిరి పీల్చండి' అంటే చాలామంది భుజాలు ఎగరేస్తారంతే. ఒకసారి పీల్చి వదిలించి, రెండోసారి నిండా పీల్చి బిగబట్టమనండి. పీలుస్తున్నప్పుడే స్విచ్ సగం నొక్కి ఉంచితే ట్యూబులో కిరణాలు పుట్టించే చక్రం, అంటే ఆనోడ్, తిరుగుతూ సిద్ధంగా ఉంటుంది. సీసపు అద్దంలోంచి ఛాతీ ఆగిందో లేదో చూసి పూర్తిగా నొక్కండి.

చిత్రంలో డయాఫ్రమ్ (ఛాతీని పొట్టను వేరు చేసే కండర పొర) పైన వెనక పక్కటెముకలు 9 లేదా 10 లెక్కకు రావాలి. తక్కువైతే ఊపిరితిత్తుల అడుగు తెల్లబడి న్యుమోనియాలా కనిపిస్తుంది. రెండు కంటె ఎముకల లోపలి కొసలూ వెన్నుముల్లుకు సమదూరంలో లేకపోతే రోగి పక్కకు తిరిగినట్టే.

ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లబడి తప్పు పట్టిచ్చేది. డిజిటల్‌లో కంప్యూటర్ సరిదిద్దేస్తుంది, చిత్రం ముచ్చటగానే ఉంటుంది, డోసు మాత్రం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ప్రతి చిత్రం పక్కనా వచ్చే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ (పలకకు ఎంత రేడియేషన్ చేరిందో సూచించే) అంకెను తయారీదారు ఇచ్చిన పరిధితో పోల్చి చూడండి.