విశాఖలో రెండు రోజులు: కొండ నడకకూ చేపల భోజనానికీ ముందు జాగ్రత్తలు

విశాఖపట్నంలో కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉన్నందున ఉదయం నడక, మధ్యాహ్నం చేపల భోజనం ఒకే రోజులో సాధ్యమే. అయితే బయలుదేరే ముందే కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

కంబాలకొండ చిరుతలు తిరిగే అభయారణ్యం. అటవీ శాఖ అనుమతించిన వేళల్లో, అనుమతించిన దారుల్లోనే నడవాలి. ఒంటరిగా వెళ్లకూడదు, పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వకూడదు. తొట్లకొండ, బావికొండల మీది బౌద్ధ శిథిలాల దగ్గర నీడ తక్కువ కాబట్టి ఎండ ముదరక ముందే చూసి దిగిపోవడం మంచిది. సముద్రపు గాలిలోని తేమ వల్ల చెమట త్వరగా ఆరదు, ఒంట్లో నీరు తెలియకుండానే తగ్గిపోతుంది. అందుచేత మనిషికి రెండు లీటర్ల నీరు, ఒక ఓఆర్ఎస్ పొట్లం తప్పనిసరిగా ఉంచుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయాల్సిందే.

నడకకు ముందు ఇడ్లీ చాలు. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు ఎంత ఊరించినా కొండ దిగాకే తినాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఆ రోజుల్లో వడ్డించే సముద్రపు చేప ఎప్పటిదో అడిగి తెలుసుకోవాలి. బీచ్‌లో మరమరాలతో చేసే మురీ మిక్స్చర్‌ను కళ్లెదుటే కలిపించుకోవాలి.

పాము కరిస్తే గాయాన్ని కోయకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, వెంటనే 108కు ఫోన్ చేయాలి.