కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకోవాలి?

అనంతపురం జిల్లాలో ఏఎన్ఎంగా తిరుగుతూ ఈ మాట ఎన్ని గడపల్లో చెప్పానో లెక్కలేదు. అయినా చెప్పినట్టు వేసుకునేవాళ్లు తక్కువే.

నెల తప్పిందని తెలియగానే టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష) చేయించండి. థైరాయిడ్ హార్మోను తక్కువై ముందు నుంచే మాత్ర వాడుతుంటే వెంటనే డాక్టరును కలవండి, చాలామందికి డోసు 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. సొంతంగా పెంచుకోవద్దు, కడుపుతో ఉన్నాం కదా అని ఆపేయనూ వద్దు. అయోడైజ్డ్ ఉప్పే వాడండి. సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి మళ్లీ రక్త పరీక్ష.

ఇక అందరూ చెడగొట్టేది మాత్ర వేసుకునే టైమే. మొన్న ఒకమ్మాయి నా ఎదుటే థైరాయిడ్, ఐరన్, కాల్షియం మూడూ అరచేతిలో పోసుకుని టీతో గుటుక్కున మింగింది. "ఒకేసారి అయిపోతుంది కదా మేడం" అంటుంది! ఐరన్, కాల్షియం ఈ మాత్రను పేగుల్లోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగ్గా పోనివ్వవు. అందుకే వాటికీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. లేవగానే పరగడుపున, ఉత్త నీళ్లతో వేసుకోండి. టీ అయినా ఉగ్గాని అయినా గంట తర్వాతే. కాల్షియం మధ్యాహ్నం, ఐరన్ రాత్రి. నా లెక్క ఇదే, ఇందులో మార్పు లేదు. కొందరు థైరాయిడ్ మాత్రే రాత్రి వేసుకోమంటారు, దానికి తిన్నాక మూడు గంటలు ఆగాలి, తొమ్మిదిన్నరకు సంగటి తిని పదికి పడుకునే మన ఇళ్లలో అది జరిగే పనేనా? పొద్దున వాంతులు ఆగనివాళ్లు మాత్రం డాక్టరును అడిగి మార్చుకోండి. సీసాను ఎండ పడే కిటికీలో పెట్టొద్దు, మన ఎండలకు మందు పాడవుతుంది.

ఆవగింజంత మాత్రకు ఇంత రాద్ధాంతమా అంటారు మా పెద్దవాళ్లు. బిడ్డ థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పని అందుకునేసరికి 18, 20 వారాలు పడుతుంది, అందాకా మెదడు ఎదగడానికి కావాల్సిన హార్మోను తల్లి నుంచే పోవాలి. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ హార్మోను తక్కువై మందు వాడని తల్లుల పిల్లలకు 7 నుంచి 9 ఏళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువ తేలింది. మందు సరిగ్గా వాడేవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు.

కాన్పయ్యాక డోసు మళ్లీ తగ్గించాల్సి ఉంటుంది, అడగండి. బిడ్డకు రెండు మూడు రోజుల్లో మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ చూడాలి. పుట్టింటికి పోయే తొందరలో దాన్ని వదిలేసి బండెక్కకండి.