యూనియన్ సిటీకి కొత్తగా వచ్చారా? ఒకసారి ఊబే లాటే తాగి చూడండి

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అద్దెలు చూసి బెంబేలెత్తి, పక్కనే ఉన్న యూనియన్ సిటీలో దిగే తెలుగువాళ్లు చాలామందే. ఇండియన్ స్టోర్, గుడి, బార్ట్ రైలు స్టేషన్ ఎక్కడున్నాయో వారం తిరక్కుండా ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఫిలిపినో కాఫీ షాపు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఊళ్లోనూ, అటు డేలీ సిటీలోనూ ఫిలిప్పీన్స్ వాళ్లు తరాలుగా ఉన్నారు. ఇక్కడొక మిడిల్ స్కూలుకి ఇట్లియాంగ్, వెరా క్రూజ్‌ల పేర్లు పెట్టారు. 1965 డెలానో ద్రాక్షతోటల సమ్మెలో ముందు నిలిచిన ఫిలిపినో కూలీల నాయకులు వాళ్లు. మనకేమో ఫిలిప్పీన్స్ అంటే దావావ్‌లో మెడిసిన్ చదివే చుట్టాలబ్బాయే గుర్తొస్తాడు.

మెనూ మొదటిసారి ఒక్క ముక్క అర్థం కాదు. ఊబే అంటే ఊదారంగు పెండలం. ఉడికించి, పాలూ చక్కెరా పోసి మన హల్వాలాగే దగ్గరపడేదాకా తిప్పుతారు. మేం వెళ్లే చోట గ్లాసు అడుగున ఆ ముద్ద, మీద చల్లటి పాలు, ఆపైన ఎస్ప్రెస్సో పోసిస్తారు. కలపకుండా తాగితే మొదట చేదు, చివర వట్టి తీపి. స్ట్రా అడుగుదాకా దించి బాగా తిప్పండి. పాన్‌డాన్ మొగలి జాతి ఆకు, బాస్మతి అన్నం గిన్నె మూత తీసినప్పటి వాసన. కాలమాన్సీ గోలీకాయంత నిమ్మ. రసంగా తాగితే హాయి, కాఫీలో కలిపింది మాత్రం నేను మూడో గుక్కకే వదిలేశాను. స్ట్రాంగ్ కాఫీ కావాలంటే బరాకో అడగండి, బటంగాస్ వైపు పండే లైబీరికా గింజ. జలుబు చేస్తే సలబాత్, అంటే అల్లం కషాయమే.

శాకాహారులు కాస్త జాగ్రత్త. టురోన్ అనే వేయించిన రోల్‌లో అరటిపండు, పనసతొన, పంచదార తప్ప ఇంకేమీ ఉండదని రెండు లాగించాను. తల తిప్పి చూస్తే అదే మూకుట్లోకి పంది మాంసం లుంపియాలు (మన స్ప్రింగ్ రోల్స్ లాంటివి) జారుతున్నాయి. మా అమ్మకి ఇంకా చెప్పలేదు. పాన్‌దెసాల్ బన్నులో పంది కొవ్వు వేసేవాళ్లూ ఉన్నారు. బిబింగ్కా బియ్యప్పిండి, కొబ్బరిపాలతో అరటాకు మీద కాల్చేదే అయినా గుడ్డు పడుతుంది. ‘వెజిటేరియన్’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. పోర్క్ వద్దు, గుడ్డు వద్దు, ఫిష్ సాస్ వద్దు అని విడివిడిగా చెప్పండి. ఏ నూనెలో వేయించారో కూడా అడగండి, ఏమీ అనుకోరు.

పిలుపులు మనకి ఇట్టే అలవాటైపోతాయి. అక్కని ‘అతే’ అంటారు, అన్నని ‘కుయా’. వయసులో పెద్దవాళ్లయితే ఆడవాళ్లని టీటా, మగవాళ్లని టీటో. గౌరవంగా మాట్లాడాలంటే ‘పో’ చేరుస్తారు, మన ‘అండీ’ లాగన్నమాట. ‘సలామత్ పో’ అంటే థాంక్సండీ. తెలుగు చెవికి గెంటేసినట్టు వినిపిస్తుంది, కంగారుపడకండి. ‘కుమాయిన్ క న బా?’ అని ఎవరైనా పలకరిస్తే తిన్నావా అని అడుగుతున్నట్టు. నాకు ఆ షాపు అక్కడే నచ్చింది.

బిల్లు కట్టేటప్పుడు స్క్రీన్ మీవైపు తిప్పితే 18, 20, 25 శాతం టిప్ కనిపిస్తుంది. టెన్షన్ అక్కర్లేదు, కౌంటర్ దగ్గర కొనుక్కునేదానికి టిప్ తప్పనిసరేం కాదు. నేను ఒక డాలరు వేస్తాను. లాప్‌టాప్ పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేట్టయితే మధ్యలో ఇంకోటి కొనండి. రద్దీ ఉంటే నలుగురు పట్టే బల్ల ఒక్కరే ఆక్రమించకండి.

హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన మొదటి ఏడాది పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆ షాపు నోటీసు బోర్డు మీద అద్దె గదులు, పియానో క్లాసులు, పాత సామాన్ల చీటీలు గుచ్చి ఉంటాయి. అందులో చూసి ఒక చెక్క బల్ల కొన్నాను, తెచ్చుకునే దారి లేదు. షాపులో ఉండే అతే వాళ్లాయన ట్రక్కులో వేసుకొచ్చి, ఊగుతున్న కాలు బిగించి, ఇచ్చిన ఇరవై డాలర్లు వద్దని, టీ మాత్రం రెండుసార్లు పోయించుకున్నాడు. బయనిహాన్ అన్నాడు. వాళ్ల పల్లెల్లో ఊరంతా కలిసి వెదురు బొంగుల మీద ఇంటినే ఎత్తి ఇంకోచోటికి మోసేవారట, ఆ సాయాన్ని అలా అంటారు.

సెప్టెంబరులోనే క్రిస్మస్ పాటలు మొదలైతే తప్పు నెలకి వచ్చామనుకోకండి, వాళ్లకి పండుగ అప్పుడే మొదలు. ఊబే పాన్‌దెసాల్ కావాలంటే శనివారం తొమ్మిదికల్లా వెళ్లండి. పదిన్నరకి వెళ్తే నాకెప్పుడూ ఖాళీ ట్రేయే కనబడింది.