ఘాట్ దిగే ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి
కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు శక్తిమంతమైన కారులో తరచూ దిగేవారు ఖరీదైన డిస్కులు, ప్యాడ్‌లు కొనడానికి ముందు బ్రేక్ ఆయిల్ మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ప్రమాణానికి చెందిన బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 మాత్రమే కనుక, వరుస మలుపుల్లో వేడెక్కిన క్యాలిపర్‌లో (ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగంలో) ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి, సీలు తీయని కొత్త డబ్బాతోనే మార్చండి. పాత ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కు పారదర్శక గొట్టం తగిలించి, ముదురు తేనె రంగు పోయి లేత రంగు ద్రవం బుడగలు లేకుండా వచ్చేవరకు ఆపకండి. పెడల్ గట్టిగా నిలుస్తోందని చూసుకున్నాకే బండి కదపండి.