స్మాల్‌మౌత్ బాస్ చేపకి వెళ్తున్నారా? ముందు నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూడండి

ఏప్రిల్ నెలాఖరులో ఒక్క శనివారం ఎండ కాస్తే చాలు, డెట్రాయిట్ దగ్గరి ట్రాయ్ నుంచి, నోవై నుంచి ఫోన్లు మొదలవుతాయి, "అన్నా, సెయింట్ క్లెయిర్ సరస్సుకి పోదామా" అని. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్, టీషర్టులో బోటెక్కేస్తాం. నీళ్లు మాత్రం ఇంకా 45 దగ్గరే ఉంటాయి. మిషిగన్‌లో ఈ చేపతో వచ్చిన చిక్కే అది. స్మాల్‌మౌత్ బాగా పడే రోజులు, మనకి ప్రమాదమైన రోజులు చాలావరకు ఒకటే: మంచు కరిగాక వచ్చే వసంతం, మళ్లీ అక్టోబర్, నవంబర్.

ఈత వచ్చు కదా అంటారు. ఊరి బావిలో దూకి నేర్చుకున్నవాళ్లమే అందరం, కానీ ఆ ఈత ఇక్కడ పనికిరాదు. అంత చల్లటి నీళ్లలో పడగానే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఒక్కసారిగా లోపలికి లాగేస్తాం, అప్పుడు తల నీళ్లలో ఉంటే ఇంక చెప్పేదేముంది. ఇక్కడివాళ్లు 1-10-1 అని గుర్తుపెట్టుకుంటారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మన మాట వినేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. ఆ మొదటి నిమిషం గట్టెక్కించేది లైఫ్ జాకెట్టే, అదీ ఒంటి మీద ఉంటేనే. సీటు కింద మడతపెట్టినది పోలీసులకి చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఫోన్ కూడా వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి ఒంటికే కట్టుకోండి.

సెయింట్ క్లెయిర్ సగటు లోతు 11 అడుగులే. లోతు లేదని ధైర్యపడకండి, లోతు తక్కువ కాబట్టే గాలి తిరిగిందంటే అలలు తొందరగా లేస్తాయి, అవి కూడా దగ్గరదగ్గరగా, నిటారుగా. మూడేళ్ల క్రితం నేనూ మా బావమరిదీ 16 అడుగుల బోటులో వెళ్లాం. పొద్దున అద్దంలా ఉంది సరస్సు. పదకొండింటికి గాలి మారింది, పావుగంటలో ముందు నుంచి నీళ్లు ఒళ్లో పడటం మొదలైంది, వాడు ఉప్మా తెచ్చుకున్న డబ్బాతో నీళ్లు తోడుతూ ఉంటే నేను ఒడ్డు వైపు ఎలా తిప్పానో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి గాలి గంటకి 15 మైళ్లు దాటుతుందని సూచన ఉంటే బోటు దించను, ఎవరెంత పిలిచినా సరే.

ఇంకో సంగతి, ఆ సరస్సు మధ్యలో కెనడా సరిహద్దు ఉంది. నీళ్ల మీద గీత ఏమీ కనిపించదు, జీపీఎస్‌లో చూసుకోవాల్సిందే. అవతల గాలం వేయాలంటే ఒంటారియో లైసెన్స్ కావాలి. వీసా మీద ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ దేనికి, ఇవతలే ఉండండి. ఇవతల కూడా 17 ఏళ్లు నిండినవాళ్లకి మిషిగన్ లైసెన్స్ తప్పనిసరి.

నీళ్లు 60 దాటాక గుడ్లు పెట్టే కాలం. అప్పుడు జాగ్రత్త చేపకి కావాలి. మన కొరమీను పిల్లల్ని కాచుకున్నట్టే ఇక్కడ మగ బాస్ గూటి మీదే నిలబడి గుడ్లని కాస్తుంది, దగ్గరికి ఏది వచ్చినా కొరుకుతుంది, అందుకే తేలిగ్గా పడుతుంది. దాన్ని పైకి లాగి ఫొటో దిగేలోపు గోబీలనే చిన్న చేపలు గుడ్లు తినేసి గూడు ఖాళీ చేసేస్తాయి. 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో మొదట కనిపించిన చేప ఈ గోబీ, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. గూడు కనిపిస్తే పక్కకి పోండి. బాస్‌ని పట్టి వెంటనే వదిలేయడానికి ఏడాదంతా అనుమతి ఉంది, ఇంటికి తెచ్చుకునే సీజన్ మాత్రం ఈ సరస్సులో జూన్ మూడో శనివారం నుంచే.

వేసవిలో హ్యూరన్ నదిలోకి దిగి పడతారు చాలామంది. నాచు పట్టిన రాళ్ల మీద అడుగు ఎత్తి వేయకండి, ఈడ్చుకుంటూ నడవండి, చిన్న ఆనకట్టల కిందకి అస్సలు పోవద్దు, అక్కడ నీళ్లు మనిషిని తిప్పి తిప్పి లోపలికే లాగుతాయి. ఉరుము వినపడితే గాలం కర్ర కింద పెట్టి ఒడ్డెక్కండి, గ్రాఫైట్ కర్ర పిడుగుకి మంచి దారి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ట్రెబుల్ హుక్ (మూడు కొక్కేలది) ఉన్న ఎర వాడితే కొక్కెం మొన దగ్గరుండే ముల్లుని ప్లయర్‌తో ముందే నొక్కేయండి. నేను నొక్కలేదు. చేప నోట్లో ఒక హుక్, నా బొటనవేలిలో ఇంకోటి, అది కొట్టుకున్నప్పుడల్లా ముల్లు ఇంకాస్త లోపలికి. చేపని మోకాళ్ల మధ్య అదిమిపెట్టి ఎడమ చేత్తో వైరు కట్ చేయడానికి పట్టిన రెండు నిమిషాలు రెండు గంటల్లా గడిచాయి.

చలి ముదిరాక చేప లోతుకి పోతుంది. 30 అడుగుల కింద నుంచి లాగితే దాని గాలితిత్తి ఉబ్బి, వదిలినా కిందకి పోలేక వెల్లకిలా తేలుతుంది. అంత లోతులో పడుతుంటే రెండు పట్టి ఆపేయండి.

పులుసు సంగతి అడుగుతారని తెలుసు. హ్యూరన్ నదిలో పీఫాస్ అనే, తొందరగా విరిగిపోని పారిశ్రామిక రసాయనాలు దొరికి 2018లో చాలా భాగంలో చేపలు తినొద్దని రాష్ట్రం ప్రకటించింది. ఆ తర్వాత సూచనలు మారుతూ వస్తున్నాయి, మీరు పట్టిన చోటుకి ఈ ఏడాది ఏం రాశారో ఆరోగ్య శాఖ జాబితాలో చూశాకే చింతపండు నానబెట్టండి.