పిల్లల పాత సామాను సర్దేటప్పుడు

పిల్లలు పెద్దవాళ్లయ్యాక అటక సర్దడానికి బాగా ఎండ కాసే రోజు చూసుకోండి. ముసురులో పెట్టె తెరిస్తే బట్టలకు చెమ్మ పడుతుంది. ముందు విరిగిన ప్లాస్టిక్ బొమ్మలు తీసేయండి, వాటి దగ్గర మనసు అంతగా ఆగదు.

ఆగేది పట్టు పావడా దగ్గరే. మా అమ్మాయి ఎదుగుతుందని అంచు పైన టక్కులు వేయించి, ఏటా ఒకటి విప్పుతూ వచ్చాను. విప్పిన చోటల్లా పట్టు ఇప్పటికీ ముదురు రంగులోనే ఉంది, ఎంత పొడుగైందో గీతలు గీసి పెట్టినట్టు. ఇలాంటి బట్టలను ప్లాస్టిక్ సంచిలో కుక్కకండి. గాలాడక, చెమ్మకు జరీ నల్లబడుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. నీడలో ఆరేసి, ఉతికిన పాత పంచెలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు అక్కడే చిరుగుతుంది.

కడుపులో ఉన్నప్పటి స్కానింగ్ బొమ్మ సాధారణంగా వేడి తగిలితే నల్లబడే కాగితం మీద ఉంటుంది. లామినేషన్ చేయించారో, బొమ్మ పోయినట్టే! వెంటనే ఫోనులో ఫొటో తీసి, అసలుది వెలుతురు తగలని కవరులో పెట్టండి.

టీకాల కార్డు ధ్రువపత్రాలతో పాటు భద్రపరచండి. విదేశీ చదువులకు తట్టు టీకా వివరాలు అడుగుతుంటారు.

ఊయల, మూడు చక్రాల సైకిలు గట్టిగా ఉంటే పసిపిల్లలున్న ఇంటికి ఇచ్చేయడమే మేలు.

ఏది పారేయాలన్నా బిడ్డను ఒక మాట అడగండి. మా అమ్మాయి అన్నిటికంటే ముందు అడిగింది గోళీల డబ్బా.