కారు ప్రయాణంలో ప్రకృతి ఫొటోలు: ఎక్కడ చెడుతున్నాయి, ఎలా సరిచేసుకోవాలి?

గండికోటకో లంబసింగికో వెళ్ళి వచ్చినవారు ఫొటోలు చూపించి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "కళ్ళకు అంత అందంగా కనిపించింది, ఫొటోలో ఇలా ఎందుకు వచ్చింది? కెమెరా మార్చమంటారా?" చాలాసార్లు కెమెరాలో లోపమేమీ ఉండదు. ఏ వేళకు బయలుదేరాం, ఎక్కడ రాత్రి బస చేశాం, ఏసీ ఎప్పుడు ఆపాం, సంచి ఎక్కడ పెట్టాం అన్న చోటనే ఫొటో చెడుతుంది. పన్నెండేళ్ళుగా కారులో రెండు తెలుగు రాష్ట్రాలూ తిరుగుతూ నేను పోగొట్టుకున్న ఫొటోలే ఈ వ్యాసానికి ఆధారం. మీ ఫొటోలో కనిపించే లక్షణాన్ని బట్టి కింద వెతుక్కోండి.

ఫొటో చప్పగా ఉంది, లోయకు లోతే లేదు

ముందు ఆ ఫొటో తీసిన సమయం చూడండి. ఫైలు వివరాల్లో ఉంటుంది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 మధ్య తీసినదైతే కారణం దొరికినట్టే. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడలు రాళ్ళ కిందకే ముడుచుకుపోతాయి. వెలుగు పక్క నుంచి పడినప్పుడే రాతి పొరల మధ్య నీడలు పుడతాయి. ఆ నీడలే ఫొటోలో లోతుగా కనిపిస్తాయి. మన కళ్ళు రెండు కాబట్టి మధ్యాహ్నమైనా లోతును పట్టుకుంటాయి. కెమెరాకు ఒకటే కన్ను, నీడలు లేకపోతే దానికి లోయ కూడా గోడలాగే ఉంటుంది.

హైదరాబాదులో తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే గండికోట చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. చల్లగా ఉండే మంచి వేళను రోడ్డుకు ఇచ్చి, మండే ఎండను ఫొటోకు మిగిల్చుకుంటున్నాం. దీన్ని తిరగేయాలి. మధ్యాహ్నం ప్రయాణం చేసి, సాయంత్రానికి చేరి, రాత్రి గండికోటలోనో జమ్మలమడుగులోనో ఉండి, సూర్యోదయానికి నలభై నిమిషాల ముందే లోయ అంచున నిలబడాలి. సాయంత్రం కూడా సూర్యుడు మునగగానే ట్రైపాడ్ మడవకండి. తరువాతి ఇరవై నిమిషాల్లో ఆకాశపు ఎరుపు రాళ్ళ మీదికి దిగుతుంది. నా మంచి ఫొటోలు ఎక్కువగా ఆ ఇరవై నిమిషాలవే.

సూర్యోదయ వేళను ఊరు మారినప్పుడల్లా చూసుకోవాలి. దేశమంతటా గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకేసారి ఉదయించడు. విశాఖ రేఖాంశం గండికోటకన్నా ఐదు డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా వస్తుంది. అందుకే అక్కడ కాలాన్ని బట్టి పావుగంట నుంచి 25 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. గండికోటలో అలవాటైన వేళకే భీమిలి తీరంలో లేస్తే ఎర్రటి బింబం అప్పటికే పైకి వచ్చేసి ఉంటుంది.

నల్లమలది మరో చిక్కు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. చలికాలంలో ఆరింటికే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర సిద్ధంగా ఉంటే అడవిలో తొలి వెలుగు దొరుకుతుంది. ఎండాకాలంలో గేటు తెరిచే సరికే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి ముందురోజు సాయంత్రమే అడవి దాటి అటువైపు బస చేయడం మేలు.

ఎంత చెప్పినా కుటుంబంతో వెళ్ళినప్పుడు మధ్యాహ్నానికే చేరాల్సి రావచ్చు. అప్పుడు లోయను వదిలి కోట లోపలికి నడవండి. మాధవరాయస్వామి ఆలయ మండపంలో, జామియా మసీదు తోరణాల కింద, ధాన్యాగారంలో నేల మీద పడిన ఎండ తిరిగి మెత్తగా పైకి లేస్తుంది. ఆ వెలుగుకు మధ్యాహ్నమే సరైన వేళ.

ఆకాశం తెల్లగా పోయింది, లేదా లోయ నల్లగా మిగిలింది

ఉదయం గండికోటలో ఎండ ముందు పైఅంచులకు తగులుతుంది. కింద పెన్న నీళ్ళు ఇంకా చీకటిలోనే ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడా ఒక్క ఫొటోలో ఇమిడేది కాదు. పైగా కెమెరా తెర మనల్ని మోసం చేస్తుంది. చీకట్లో చూస్తే తెర మీద ఫొటో వెలిగిపోతున్నట్టు అనిపిస్తుంది, ఇంటికి వచ్చాక నల్లగా ఉంటుంది. తెరను నమ్మకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన ఎంత ఉందో చూపే గ్రాఫు) చూడండి. అది కుడి అంచును గుద్దుకుంటే ఆకాశం పోయినట్టే, పోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నీడల్లో మాత్రం రా ఫైలు (కెమెరా సవరించకుండా దాచే ముడి ఫైలు) చాలా దాచి ఉంచుతుంది. అందుకని ఆకాశాన్ని కాపాడుతూ కొంచెం తక్కువ వెలుగుతో రా ఫైలుగా తీయండి. తేడా మరీ ఎక్కువైతే ట్రైపాడ్ మీద రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తేడాతో మూడు ఫొటోలు తీసి తరువాత కలపండి.

పైన ముదురుగా, కింద తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరు దీనికి మందని చాలామంది చెబుతారు. సముద్ర తీరంలో గీత గీసినట్టు దిగంతం ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. లోయలో కొండ అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఫిల్టరు ముదురు భాగం కొండను కూడా నల్లబరుస్తుంది. గండికోటకు దాన్ని మోసుకెళ్ళవద్దని నా సలహా. ఫోనుతో తీసేవారు తెర మీద ఆకాశాన్ని తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే చాలావరకు సరిపోతుంది.

మేఘాల సముద్రం కోసం వెళ్తే తెల్లటి గోడ వచ్చింది

లంబసింగి, చెరువులవేనం, అరకు వెళ్ళేవారికి ఎదురయ్యే నిరాశ ఇది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే, నేల వేడిని వదిలేసి చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి, అక్కడ మంచుగా నిలుస్తుంది. ఆ మంచుకు పైన నిలబడితే సముద్రం కనిపిస్తుంది, లోపల నిలబడితే గోడే. అంటే మీరు ఉండాల్సిన ఎత్తులో లేరు. ఇంకాస్త పైకి ఎక్కగలిగితే ఎక్కండి. దారి లేకపోతే కదలకుండా ఆగండి. ఎండ తగిలిన తరువాత మంచు పలచబడి చెట్ల మధ్య చీలికలు వస్తాయి, కిరణాలు వాటిలోంచి బారులుగా దిగుతాయి. అందరూ టీ తాగి కార్లు తిప్పుకునే వేళ అదే. రాత్రంతా మబ్బు పట్టి ఉన్నా, గాలి వీచినా మంచు పట్టదు. పడుకునేముందు ఒకసారి ఆకాశం చూసి నక్షత్రాలు కనిపిస్తేనే అలారం పెట్టుకోండి.

మంచు దొరికి కూడా ఫొటో బూడిద రంగులో వస్తే అది కెమెరాలో వెలుగును కొలిచే మీటరు పని. ఎదురుగా ఉన్నదంతా తెల్లగా ఉంటే కెమెరా దాన్ని నడిమి బూడిద రంగుకు లాగుతుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుగును) ముప్పావు స్టాపు నుంచి ఒక స్టాపు దాకా పెంచండి. అరకులో వలిసె పూల పసుపు చేలను చలికాలపు ఎండలో తీసేటప్పుడు కూడా ఇలాంటి సవరణ కొంత అవసరమవుతుంది.

కారు దిగి తీసిన మొదటి ఫొటోలన్నీ పొగమంచులో ఉన్నట్టున్నాయి

అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నాకు జరిగింది చెబుతాను. గంటన్నర ఏసీలో కూర్చుని వచ్చి, తలుపు తీసి, కెమెరా ఎత్తగానే లెన్సు తెల్లగా అయిపోయింది. కండువాతో తుడిచాను. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాను. పది నిమిషాల్లో వెలుగు వెళ్ళిపోయింది, అద్దం మీద ఉప్పు గీతలు మాత్రం మిగిలాయి.

ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద నీటి చుక్కలు పట్టడం లాంటిదే ఇది. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, లెన్సు చల్లగా ఉంది. తుడిస్తే పోదు, లెన్సు వేడెక్కితేనే పోతుంది. చేరడానికి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. అది కుదరకపోతే కెమెరాను మూసిన సంచిలోనే డిక్కీలో ఉంచండి, అక్కడికి ఏసీ చల్లదనం అంతగా చేరదు. ఆ సమయంలో లెన్సు మార్చడం మాత్రం వద్దే వద్దు, తేమ లోపల వెలుగును ఫొటోగా మార్చే సెన్సరు మీదికి చేరుతుంది.

లంబసింగి చలిలో దీనికి తిరగబడిన రూపం కనిపిస్తుంది. చాలాసేపు ట్రైపాడ్ మీద ఉంచిన లెన్సు ఆకాశానికి వేడిని వదిలి చల్లబడుతుంది, మంచు దాని ముఖం మీదే పడుతుంది. లెన్సు ముందు గొట్టంలా తగిలే హుడ్ తప్పక తగిలించండి. నక్షత్రాలు తీసేవారు వేడినీళ్ళ చిన్న సీసాను గుడ్డలో చుట్టి లెన్సు పక్కన కట్టుకోవచ్చు.

దూరపు కొండ మెత్తగా, అలలుగా ఉంది

44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి కొండకోట కనిపించగానే పెద్ద జూమ్ లెన్సు తీయాలనిపిస్తుంది. వేసవి మధ్యాహ్నం అయితే ఆ ఫొటో పనికిరాదు. తారు రోడ్డు మీది వేడిగాలి, దాని పైనున్న చల్లని గాలి కలిసి వెలుగును అటూ ఇటూ వంచుతుంటాయి. అంచులు మెలికలు తిరిగి ఉంటే వేడి కారణం, అంచులు సరిగ్గానే ఉండి రంగు వెలిసిపోయి ఉంటే గాలిలోని దుమ్ము, పొగ కారణం. రెండో దానికి వాన పడిన మర్నాటి ఉదయం, మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరు, కంప్యూటరులో మసకను తగ్గించే డీహేజ్ సవరణ పనిచేస్తాయి. మొదటిదానికి ఎంత ఖరీదైన లెన్సూ జవాబు కాదు. దగ్గరకు వెళ్ళాలి, లేదా ఉదయం రావాలి.

ట్రైపాడ్ వాడినా ఫొటో కదిలింది

రాజమహేంద్రవరంలో 1974లో ప్రారంభమైన రోడ్డు రైలు వంతెనకు పైన రోడ్డు, కింద రైలు పట్టాలు. లారీ వెళ్ళినా రైలు వెళ్ళినా వంతెన సన్నగా వణుకుతుంది. ఆ వణుకు ట్రైపాడ్ కాళ్ళ గుండా కెమెరాకు ఎక్కుతుంది. ఆగిన కారుకూ మీకూ కూడా అక్కడ ప్రమాదమే. వంతెన మీద నుంచి కాకుండా, వంతెననే ఫొటోలోకి తీసుకోండి. సూర్యోదయానికి పడమటి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రం, సూర్యాస్తమయానికి తూర్పు ఒడ్డున రాజమహేంద్రవరం ఘాట్లు. 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన స్తంభాల నీడలు నీళ్ళలో పడే తీరు చూడటానికే ఒక సాయంత్రం ఇవ్వవచ్చు.

గట్టి నేల మీద కూడా కదిలితే వరుసగా చూడండి: మధ్య కడ్డీని పైకి లేపారా, మెడ పట్టీ గాలికి కొట్టుకుంటోందా, లెన్సులో చేతి వణుకును తగ్గించే స్టెబిలైజరు ఆన్‌లో ఉందా, బటన్ చేత్తో నొక్కారా. కడ్డీ దించి, పట్టీ తీసేసి, స్టెబిలైజరు ఆపి, రెండు సెకన్ల టైమరు పెడితే సరిపోతుంది.

ఎఫ్ 22 పెట్టినా పదును రాలేదు

ముందున్న రాయి నుంచి దూరపు కొండ దాకా అంతా స్పష్టంగా రావాలని అపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్ 22 దాకా, చివరికంటా మూసేస్తాం. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర విచ్చుకుని ఫొటో అంతా మెత్తబడుతుంది. ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఉండండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాలో 24 మి.మీ. లెన్సు పెట్టి, ఎఫ్ 11లో, సుమారు 2 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే మీటరు దూరం నుంచి దిగంతం దాకా స్పష్టంగా వస్తుంది.

ఆకాశంలో బూడిద చుక్కలు

సెన్సరు మీద దుమ్ము. రోడ్డు పక్కన లారీలు పోతుండగా లెన్సు మార్చినందుకు ఫలితం. లెన్సు మార్చాలంటే కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, ఫ్యాన్ ఆపి, కెమెరా మూతిని నేలవైపు ఉంచి మార్చండి. పడిన దుమ్మును రబ్బరు బ్లోయరుతో మాత్రమే ఊదాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది, దాన్ని తీయడం దుమ్ముకన్నా కష్టం. ప్రయాణానికి ముందురోజు ఎఫ్ 16లో ఖాళీ ఆకాశాన్ని తీసి చూసుకుంటే ఎన్ని చుక్కలు ఉన్నాయో తెలుస్తుంది.

కదిలే కారులోంచి తీసినవి

డ్యాష్‌బోర్డు ప్రతిబింబం కనిపిస్తే దాని మీద నల్లగుడ్డ పరవండి. పక్క అద్దంలోంచి పోలరైజరుతో తీస్తే ఇంద్రధనుస్సు మరకలు వస్తాయి, అది గట్టిపరచిన గాజు స్వభావం. ఫిల్టరు తీసేయండి. షట్టరు వేగం సెకనులో 1000వ వంతుకన్నా నెమ్మదించకూడదు. నడిపేవారు కెమెరా ముట్టుకోకూడదు, ఇందులో మినహాయింపు లేదు.

కార్డు తెరుచుకోవడం లేదు

ఫార్మాట్ చేయమని కెమెరా అడుగుతుంది, చేయకండి. ఇంకొక్క ఫొటో కూడా దాని మీద తీయకండి. కార్డు తీసి విడిగా దాచి, ఇంటికి వచ్చాక రికవరీ సాఫ్ట్‌వేరుతో ప్రయత్నిస్తే చాలావరకు తిరిగి వస్తాయి. మూసిన కారు ఎండలో పొయ్యిలా కాగుతుంది కాబట్టి కార్డులను, బ్యాటరీలను డ్యాష్‌బోర్డు మీద వదలకూడదు. ప్రతి రాత్రీ బసకు చేరగానే, భోజనానికి ముందే, ఫొటోలను రెండు డ్రైవుల్లోకి ఎక్కించండి. ఒకటి కెమెరా సంచిలో, రెండోది మీ బట్టల సంచిలో ఉంచండి. ఇల్లు చేరేదాకా కార్డులు కూడా చెరపకండి.